అరుదైన మాటలు, వాటి సహవాసం

(చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ స్మారకోపన్యాస పాఠం)



 బ్రౌన్ తెలుగుకు చేసిన మేలు ఈ సభకు కొత్తగా చెప్పనక్కర్లేదు. వేమన పద్యాల ప్రతులు వెతికించి, పాఠాలు పోల్చి చూసి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. 1840లో తెలుగు వ్యాకరణం వెలువరించారు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1854లో మిశ్రభాషా నిఘంటువు ఇచ్చారు. సొంత డబ్బుతో పండితుల్ని, లేఖకుల్ని పోషించి తాళపత్రాల్లో మగ్గుతున్న కావ్యాలకు కాగితం మీద బతుకునిచ్చారు. ఇవన్నీ మనం తలుచుకుంటూనే ఉంటాం.

ఈ రోజు మాత్రం ఆయన్ను ఒక విద్యార్థిగా చూడమని కోరుతున్నాను. 1817లో మద్రాసులో ఓడ దిగినప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. 1820లో ఉద్యోగం మీద కడప చేరారు. తన ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషను, అందులోనూ అరుదైన మాటల్ని, నిఘంటువు రాయగలిగినంతగా నేర్చుకున్నారు. ఇవాళ మన పిల్లలు ఇంగ్లీషులోని అరుదైన మాటలతో పడుతున్న పాటు అదే, దిక్కు మాత్రం మారింది. ఆయన నేర్చుకున్న పద్ధతిలో మన పిల్లలకు పనికొచ్చేది ఒకటుంది. దాన్ని గురించే నా ప్రసంగం.

బ్రౌన్ నిఘంటువు ఏ పుటైనా తెరవండి. మాట ఉంటుంది, దానికి ఇంగ్లీషులో అర్థం ఉంటుంది. చాలాచోట్ల అంతటితో ఆగరు. ఆ మాట ఏ కావ్యంలో ఎలా వచ్చిందో చూపిస్తారు. జనం నోట ఎలా పలుకుతుందో ఒక చిన్న వాక్యంలో చెబుతారు. పద్యంలోని మాటకూ సంతలోని మాటకూ ఒకే పుటలో చోటిచ్చారు. మాట అర్థం దాని వాడుకలో ఉంటుందని ఆయన పట్టుకున్నారు. అరుదైన ఇంగ్లీషు మాట నేర్చుకునేవారు ముందుగా పట్టుకోవలసినదీ అదే: మాటను అది కనిపించిన వాక్యంతో సహా నేర్చుకోవాలి.

ఇంగ్లీషువాళ్లకే కష్టమైన ఇంగ్లీషు

కష్టమైన ఇంగ్లీషు మాట ఎదురైతే మన పిల్లలు చిన్నబోతారు. అది తమ పల్లెటూరి బడి లోపమనో, తెలుగు మీడియం లోపమనో అనుకుంటారు. ఆ బెరుకును ముందు పోగొట్టాలి. ఇంగ్లీషుకు మాత్రమే సంబంధించిన తొలి నిఘంటువుగా పేరున్నది 1604లో రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు వేసిన చిన్న పుస్తకం. అందులో సుమారు 2,500 మాటలున్నాయి. అన్నీ కఠినపదాలే. ఇల్లు, నీళ్లు, కుక్క, పిల్లి లాంటి మాటలు అందులో ఉండవు. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి భాషల నుంచి వచ్చి పడిన మాటలు సామాన్యులైన ఇంగ్లీషువాళ్లకే అర్థం కాక ఆ పుస్తకం అవసరమైంది. అంటే ఇంగ్లీషు నిఘంటువు పుట్టిందే అరుదైన మాటల కోసం.

దీనికి కారణం వాళ్ల చరిత్రలో ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దర్బారులో, న్యాయస్థానంలో ఫ్రెంచి రాజ్యమేలింది. చర్చిలో, చదువులో లాటిన్ నడిచింది. పదహారో శతాబ్దంలో పండితులు లాటిన్ మాటల్ని కుప్పలుగా తెచ్చి ఇంగ్లీషులో పోశారు. సిరాబుడ్డి వాసన కొట్టే మాటలని వాటిని ఎద్దేవా చేసినవాళ్లు అప్పుడే ఉన్నారు. థామస్ విల్సన్ 1553లో తన అలంకారశాస్త్ర గ్రంథంలో ఆ భాషను వెక్కిరించాడు. ఆ మాటల్లో కొన్ని చచ్చిపోయాయి, కొన్ని నిలిచి ఇంటిమాటలయ్యాయి. మరికొన్ని రాతలో మాత్రమే బతుకుతూ, చదివేవాడికి అప్పుడప్పుడు ఎదురవుతున్నాయి. మన పిల్లల్ని భయపెడుతున్నవి ఎక్కువగా ఈ మూడో రకమే. కాబట్టి ఈ మాటలు ఎవరి ఉగ్గుపాలతోనూ రావు. లండనులో పుట్టిన పిల్లవాడైనా వాటిని పుస్తకంలో చదివే నేర్చుకోవాలి. ఈ విషయంలో మన పిల్లవాడూ అతడూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

వాక్యాలు పోగేసిన నిఘంటువు

మాట అర్థం వాడుకలోనే ఉందని నమ్మి, దాని మీద ఒక మహానిర్మాణం చేసినవాళ్లు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కర్తలు. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీలో రిచర్డ్ ట్రెంచ్ చేసిన ప్రసంగాలతో దానికి బీజం పడింది. నిఘంటుకారుడు భాషకు చరిత్రకారుడిలా ఉండాలనీ, ఇది మంచి మాట, అది చెడ్డ మాట అని తీర్పులు చెప్పకూడదనీ ఆయన వాదించాడు. 1879లో జేమ్స్ మర్రే సంపాదకుడయ్యాడు. ఇంటి తోటలో ఇనుపరేకుల షెడ్డు వేయించి, అందులో గూళ్లు పెట్టించి పని మొదలుపెట్టాడు. పుస్తకాలు చదివి పంపమని ప్రజలను కోరాడు. ఎక్కడెక్కడి పాఠకులో చీటీలు రాసి పంపారు. ప్రతి చీటీ మీద ఒక మాట, అది వచ్చిన వాక్యం, పుస్తకం పేరు, సంవత్సరం ఉండేవి. ఆ వాక్యాలన్నీ కాలక్రమంలో పేర్చి, వాటిని చూసి అర్థాలు రాశారు. వాక్యం ముందు, అర్థం తర్వాత. 1884లో తొలి సంచిక వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో లండనులో బ్రౌన్ కన్నుమూశారు. 1928లో నిఘంటువు పూర్తయ్యేసరికి అందులో నాలుగు లక్షలకు పైగా మాటలు, పద్దెనిమిది లక్షలకు పైగా ఉదాహరణ వాక్యాలు చేరాయి.

ఈ కథలో మనకు పనికొచ్చే చిన్న సంగతి ఒకటుంది. అరుదుగా తోచిన మాటల మీద కన్నేయమని పాఠకులకు చెప్పారు. వాళ్లు అదే చేశారు. చీటీలు తిరగేసి చూస్తే, ఎన్నడో వాడుక తప్పిన ‘అబ్యూజన్’ అనే మాటకు సుమారు 50 ఉదాహరణలు వచ్చాయి. నిత్యం వాడే ‘అబ్యూజ్’కు అయిదైనా లేవు. మర్రే దీన్ని చెప్పుకుని బాధపడ్డాడు. అరుదైన మాట కంటిని లాగుతుంది. మామూలు మాట ఎదురుగా ఉన్నా కనబడదు. ఈ హెచ్చరిక మన విద్యార్థులకూ వర్తిస్తుంది. ‘గెట్’, ‘టేక్’, ‘మేక్’ లాంటి చిన్న క్రియల పలుకుబడి పట్టుబడకుండా అరుదైన మాటల వెంట పరుగెత్తితే రెండూ దక్కవు.

మాటకు సహవాసం

వాడుక అంటే ఏమిటో తెలుగులోనే చూద్దాం. పాలు విరుగుతాయి. అన్నం పాచిపోతుంది. పండు కుళ్లుతుంది. గుడ్డు మురుగుతుంది. బియ్యం ముక్కిపోతాయి. కందులు పుచ్చుతాయి. అన్నిటికీ అర్థం ‘చెడిపోవడం’ అని ఒక్కమాటలో చెప్పేయవచ్చు. అయినా పాలు పుచ్చాయని, కందులు విరిగాయని ఎవరైనా అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఏ చెడిపోవడానికి ఏ మాటో మనకెవరూ పాఠం చెప్పలేదు. వంటింట్లో వేలసార్లు విని నేర్చుకున్నాం.

ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే ఉంది. పాలు ‘సవర్’ అవుతాయి. రొట్టె ‘స్టేల్’ అవుతుంది. వెన్న, నూనె ‘ర్యాన్సిడ్’ అవుతాయి. గుడ్డు ‘యాడిల్డ్’ అవుతుంది. ‘ర్యాన్సిడ్ అంటే చెడిపోయిన’ అని మాత్రమే రాసుకున్న విద్యార్థి దాన్ని అన్నానికీ పండుకూ తగిలిస్తాడు. అతడు నేర్చుకున్న అర్థం తప్పు కాదు, కానీ మాట మాత్రం చేతికి రాలేదు. కొవ్వు, నూనె, నెయ్యి లాంటి జిడ్డు పదార్థాలతోనే దాని సహవాసమని తెలిస్తే మాట వచ్చినట్టు.

మాటను దాని సహవాసం చూసి తెలుసుకోవాలని 1957లో భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ చెప్పాడు. అరుదైన మాటల విషయంలో ఇది మరీ నిజం. మామూలు మాట నలుగురితో తిరుగుతుంది. అరుదైన మాటకు స్నేహితులు తక్కువ. ‘ఇన్‌వెటరేట్’ను తీసుకోండి. పాతుకుపోయిన అలవాటు ఉన్న అని అర్థం. అది అబద్ధాలకోరుతో, జూదరితో వస్తుంది. రోజూ గుడికి వెళ్లే పెద్దావిడను ఆ మాటతో మెచ్చుకోబోతే ఆమెను తప్పుపట్టినట్టవుతుంది. ‘ఫోమెంట్’ అంటే రెచ్చగొట్టడం. అల్లర్లను, తిరుగుబాటును, ద్వేషాన్ని ఫోమెంట్ చేస్తారు. ప్రేమను, విద్యను చెయ్యరు. ‘అన్‌మిటిగేటెడ్’ అన్నది ఎక్కువగా ‘డిజాస్టర్’ ముందు నిలుస్తుంది.

2017లో శశి థరూర్ ఒక ట్వీట్‌లో ‘ఫరాగో’ అనే మాట వాడగానే దేశమంతా నిఘంటువులు తెరిచింది. లాటిన్‌లో అది పశువులకు వేసే రకరకాల గింజల మేత. ఇంగ్లీషులో పొంతన లేనివన్నీ కలిపిన గందరగోళం. తెలుగులో కలగూరగంప అంటే చాలావరకు సరిపోతుంది. అయితే ఆ గంపలో ఏం వేస్తారన్నది చూడాలి. ఇంగ్లీషువాళ్లు ఫరాగోలో వేసేవి అబద్ధాలు, అర్ధసత్యాలు, పిచ్చివాదాలు. పెళ్లిభోజనంలోని రకరకాల వంటకాలను ఫరాగో అని మెచ్చుకోలేం. అర్థం నిఘంటువులో దొరుకుతుంది. ఈ మెలకువ వాక్యాలు చదివితేనే వస్తుంది.

రూపం చూసి మోసపోయే మాటలు

చూడగానే తెలిసినట్టుండే మాటలతో ప్రమాదం ఎక్కువ. ‘ఎనర్వేట్’లో ఎనర్జీ వినబడుతుంది. బలం ఇచ్చేదనుకుంటారు. దాని అర్థం సత్తువ లాగేయడం. రెంటచింతల మేనెల ఎండకు ‘ఎనర్వేటింగ్’ అన్న మాట అతికినట్టు సరిపోతుంది. ‘నోయ్‌సమ్’లో నాయిస్ వినబడుతుంది. నిజానికి అది దుర్గంధం వేసేదానికి వాడతారు. ‘రెస్టివ్’లో రెస్ట్ ఉంది. దాని అర్థం అసహనంతో కదిలిపోవడం, మాట వినకుండా మొరాయించడం. ‘ఫార్చూయిటస్’ అంటే అదృష్టవశాత్తు జరిగిందని చాలామంది రాస్తారు. అనుకోకుండా జరిగిందని దాని మూలార్థం. ‘డిసింటరెస్టెడ్’ను ఆసక్తి లేని అనే అర్థంలో వాడడం ఇప్పుడు ఎక్కువైంది. స్వలాభం చూసుకోని, నిష్పాక్షికమైన అనేది జాగ్రత్తగా రాసేవాళ్లు ఇంకా కాపాడుతున్న అర్థం. న్యాయమూర్తి డిసింటరెస్టెడ్‌గా ఉండాలి. ఆసక్తి లేకుండా మాత్రం ఉండకూడదు.

ధాతువులు నేర్చుకుంటే ఈ చిక్కు తీరుతుందని చెబుతారు. అందులో నిజముంది. ‘లోక్’ అంటే మాట్లాడడం అని తెలిస్తే లొక్వేషస్, ఎలొక్వెంట్, సొలిలొక్వీ మూడూ ఒకేసారి చేతికొస్తాయి. సంస్కృత ఉపసర్గలతో ఆహారం, విహారం, సంహారం, ప్రహారం నేర్చుకున్న మనకు ఈ పద్ధతి కొత్తేం కాదు. అయితే ఆ నాలుగు మాటలే చెబుతున్నాయి, ధాతువు తెలిసినంత మాత్రాన మాట తెలియదని. ‘మెటిక్యులస్’ మూలంలో ఉన్నది లాటిన్‌లో భయం. ఇప్పటి అర్థం ప్రతి చిన్న వివరం మీదా శ్రద్ధ ఉన్న అని. ‘ఎగ్రీజియస్’ మూలార్థం మందలోంచి వేరుగా నిలిచిన అని. పదహారో శతాబ్దంలో అది మెచ్చుకోలు. ఇప్పుడు ఘోరమైన పొరపాటుకు, దారుణమైన ఉల్లంఘనకు తగిలించే మాట. ఎవరికైనా అభినందనపత్రం రాస్తూ ఆ మాట వేస్తే ఎంత అవమానమో ఊహించండి. ధాతువు మాట పుట్టిన ఊరు చెబుతుంది. ఇప్పుడు ఎక్కడుంటోందో వాక్యమే చెప్పాలి.

పట్టికల చదువు

మన దగ్గర అరుదైన మాటల చదువు ఎక్కువగా పరీక్షల చుట్టూ తిరిగింది. అమెరికా వెళ్లాలనుకున్న మన పిల్లలు తరాలుగా జీఆర్‌ఈ కోసం బ్యారన్స్ పుస్తకంలోని పట్టికలు బట్టీ పట్టారు. మాట ఎడమవైపు, అర్థం కుడివైపు. అప్పటి పరీక్షలో వ్యతిరేకపదాలు, పదసంబంధాలు విడివిడిగా అడిగేవారు కాబట్టి ఆ పద్ధతి గట్టెక్కించింది. 2011 ఆగస్టులో పరీక్ష మారింది. ఆ రెండు రకాల ప్రశ్నలూ తీసేసి, వాక్యంలోని ఖాళీలకు సరిపోయే మాట ఎంచుకోమన్నారు. పరీక్ష పెట్టేవాళ్లే మాటను వాక్యంలోకి తెచ్చి నిలబెట్టారు. మన చదువు పద్ధతి మాత్రం చాలాచోట్ల పట్టిక దగ్గరే ఆగిపోయింది.

బట్టీ పట్టడాన్ని నేను చులకన చెయ్యడం లేదు. శబ్దమంజరి, అమరకోశం కంఠస్థం చేసిన సంప్రదాయం మనది. అయితే అమరం వల్లించిన పిల్లవాడు ఆ వెంటనే రఘువంశం చదివేవాడు. కోశంలోని మాట కావ్యంలో కనబడేది. మన కోచింగు చదువులో కోశం ఉంది, కావ్యం లేదు. అందుకే పరీక్ష ముగిసిన కొన్నాళ్లకే ఆ మాటలు ఆవిరవుతాయి. 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హౌస్ మరపు గురించి ప్రయోగాలు చేసి, నేర్చుకున్న తొలి గంటల్లోనే మరపు అన్నిటికంటే వేగంగా ఉంటుందని చూపించాడు. పొంతన లేని మాటలు పొంతన ఉన్నవాటి కంటే త్వరగా జారిపోతాయి.

ఎలా నేర్చుకోవాలి

విద్యార్థులు నన్ను తరచుగా అడిగేది, ఎన్ని మాటలు తెలిస్తే చాలని. న్యూజీలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో దీనికి ఒక లెక్క చెప్పాడు. నవలలు, వార్తాపత్రికలు ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు తెలియాలి. ఒక మాట, దాని వివిధ రూపాలు కలిపి ఒక కుటుంబం. అప్పుడు చదివే పాఠంలో నూటికి 98 మాటలు తెలిసినవై ఉంటాయి. అంటే యాభై మాటలకు ఒకటి కొత్తది. చుట్టూ ఉన్న నలభై తొమ్మిది తెలిసినప్పుడు ఆ ఒక్కదాని అర్థం పోల్చుకోవడం సాధ్యమవుతుంది.

దీన్నిబట్టి మొదటి సూచన తేలుతుంది. తమ స్థాయికి కాస్త పైనున్న పుస్తకం ఎంచుకోవాలి, మరీ పైది వద్దు. ఆర్.కె. నారాయణ్‌తో, జిమ్ కార్బెట్‌తో మొదలుపెడితే వాక్యం అడ్డుపడదు. అక్కడ కుదురుకున్నాక పత్రికల సంపాదకీయాలకు, తీర్పులకు, పాత వ్యాసాలకు వెళ్లవచ్చు. కోఠీలో, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాతపుస్తకాల దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి.

రెండోది నిఘంటువు ఎంపిక. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు మొదటి మెట్టు. శంకరనారాయణ నిఘంటువు లేని చదువరి ఇల్లు మనకు ఒకప్పుడు అరుదు. కానీ అక్కడే ఆగకూడదు. విదేశీ విద్యార్థుల కోసం రాసిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి దగ్గరుండాలి. ఎ.ఎస్. హార్న్‌బీ జపానులో పాఠాలు చెబుతూ తన సహచరులతో కలిసి తయారుచేసిన అలాంటి నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. క్రియ వెనక ఏది రావాలో, ఏది రాకూడదో చెప్పడం దాని ప్రత్యేకత. 1987లో బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ నేతృత్వంలో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు ఇంకో అడుగు వేసింది. అర్థాన్నే పూర్తి వాక్యంలో చెప్పి, ఉదాహరణలన్నీ నిజంగా వాడుకలో ఉన్న పాఠాల నుంచి తీసుకుంది.

మూడోది నోటుపుస్తకం. అరుదైన మాట కనబడగానే అది వచ్చిన వాక్యం మొత్తం రాసుకోవాలి. ఎక్కడ చదివారో రాసుకోవాలి. మెచ్చుకునే మాటా, తప్పుపట్టే మాటా? కోర్టులోదా, ఆసుపత్రిలోదా, కవిత్వంలోదా? దాని పక్కన ఏ మాటలు వస్తున్నాయి? తెలుగులో అదే సందర్భానికి మనం ఏమంటాం? చివరగా తమ ఊరి గురించో, ఇంటి గురించో సొంత వాక్యం ఒకటి. మరునాడు, వారం తర్వాత, నెల తర్వాత ఆ పుట మళ్లీ చూడాలి. అదే మాట వేరే పుస్తకంలో ఎదురైతే ఆ వాక్యాన్నీ కింద చేర్చాలి. మూడు నాలుగు వాక్యాలు పోగయ్యేసరికి మాట స్వభావం దానంతటదే తెలుస్తుంది.

ఎప్పుడు వాడాలి

అరుదైన మాటలు చాలా తెలిసి ఉండాలి, కొన్నే వాడాలి. చదివేటప్పుడు ఎదురైన మాట తెలియకపోతే రచయిత చెప్పింది మనకు అందదు, కాబట్టి తెలియాలి. రాసేటప్పుడు మన మాట ఎదుటివాళ్లకు అందాలి, కాబట్టి ఆలోచించి వాడాలి. ఉద్యోగానికి దరఖాస్తులోనో, అధికారికి రాసే ఉత్తరంలోనో నాలుగు బరువైన మాటలు గుప్పిస్తే మర్యాద పెరుగుతుందన్న భ్రమ మన దగ్గర బలంగా ఉంది. పొట్టి మాట సరిపోయేచోట పొడుగు మాట ఎందుకని 1946లో జార్జ్ ఆర్వెల్ అడిగాడు. నేనూ అదే అడుగుతున్నాను.

అలాగని అరుదైన మాట ఆభరణం మాత్రమే అనుకోకూడదు. ఒక్కోసారి అదే సరైన మాట. నిష్పాక్షికతకూ నిరాసక్తికీ తేడా చెప్పాల్సి వచ్చినప్పుడు డిసింటరెస్టెడ్‌కు సాటి లేదు. వేరే మాటతో చెబితే అర్థం తరుగుతుందా అని ప్రశ్నించుకోవాలి. తరుగుతుందనిపిస్తే ధైర్యంగా వాడాలి. తరగకపోతే మామూలు మాటే మేలు.

విన్నపం

చివరగా మూడు విన్నపాలు. ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు: పర్యాయపదం గుర్తించమనే ప్రశ్నలు తగ్గించండి. రెండు వాక్యాలిచ్చి, ఏ వాక్యంలో మాట సరిగ్గా కుదిరింది, ఎందుకు అని అడగండి. పరీక్ష ఎటు మళ్లితే చదువు అటు మళ్లుతుంది.

ఇంగ్లీషు ఉపాధ్యాయులకు: తరగతిలో తెలుగును వెలివేయకండి. పాలు విరగడం, గుడ్డు మురగడం తెలిసిన పిల్లవాడికి మాటల సహవాసం అంటే ఏమిటో అప్పటికే తెలుసు. అతడికి తెలిసిన భాష మీద నిలబడి తెలియని భాషను చూపించండి. సొంతభాష పలుకుబడి మీద పట్టున్నవాడికి పరాయిభాష పలుకుబడి త్వరగా దొరుకుతుంది.

గ్రంథాలయాలు నడిపేవారికి: అభ్యర్థుల కోసం పోటీపరీక్షల పుస్తకాలు ఎలాగూ కొంటున్నారు. వాటి పక్కనే మంచి కథలు, వ్యాసాలు, ఒక మంచి విద్యార్థి నిఘంటువు పెట్టండి. పట్టిక ఉన్న బల్ల మీదే పుస్తకమూ ఉండాలి. ఈ మూడింటికీ పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. వచ్చే విద్యాసంవత్సరం దాకా ఆగనక్కర్లేదు కూడా. ఈ సభలోని ప్రతి ఉపాధ్యాయుడూ తన తరగతిలో రేపే మొదలుపెట్టవచ్చు. మొదలుపెడతారని నమ్ముతున్నాను.